వలకును ఓడకును వగరు కాపు

ఉప్పునీటిని నమ్ముకొని బ్రతుకువారికి ఒక వస్తువును చేసికొనుట కంటె, చేసికొన్నదానిని చెడిపోకుండ నిలుపుకొనుటయే పెద్దపని. కొత్తగ అల్లిన నూలువల ఏ కాపును లేక కొలది వారములు సముద్రమున తడియుచు, సరిగా ఆరక, ఒడ్డున కుప్పగ పడియున్నచో, చేపల బరువునకు గాదు, చేతి లాగుడుకే పుటుక్కున తెగిపోవును. నీటనున్న పడవ అడుగునకు మొదట కంటికి కానరాని జిగట పట్టును. దానిపై పచ్చని పాచి, ఆ పాచిపై గుల్లలు చేరును. తెడ్డు వేయువాని రెక్కల సత్తువ సగము ఆ బరువును ఈడ్చుటకే చెల్లిపోవును. ఇనుపమేకు తాను త్రుప్పుపట్టుటయే గాక, తన్ను పట్టియున్న కొయ్యను సయితము చెరచును. ఈ నాశనమునకెల్ల ఉప్పే మూలమని లోకము చాలకాలము తలచినది. ఉప్పునకు అందులో పాలు కలదు. కాని నూలును తినునవి, కొయ్యకు జిగట పట్టించునవి, నేలలో పూడ్చిన ఇనుపగొట్టమును సయితము గుల్లచేయునవి ప్రాణము గల సూక్ష్మజీవులని శాస్త్రము నిర్ధారించి ఇంకను ఎంతో కాలము కాలేదు. ఆ జీవులు గుంపుగట్టి, తాము స్రవించిన బంకలో తామే ఇమిడి, వస్తువుల పైతలమున పరచుకొను పొరను నేడు బయోఫిల్మ్ అనుచున్నారు.

ఆ జీవుల ఉనికి ఎవరికిని తెలియని కాలముననే వాటి పనికి అడ్డుకట్ట వేయు ఆచారమొకటి మన దేశమున నెలకొనియుండెను. ఆ ఆచారమునకు ముడిసరకు చెట్టు: చెట్టు పట్ట, పచ్చికాయ, గింజ తొక్క, జిగురు. వీనిలో హెచ్చుపాలు నాలుకకు వగరుగ తోచునవి. కరక్కాయ, తుమ్మచెక్క, తంగేటిచెక్క, మడచెట్టు పట్ట, పచ్చి తుమికికాయ, చింతగింజ పైతొక్క, తాంబూలములోని కాచు, వీనియన్నింటి వగరునకు కారణము టానిన్ అను ద్రవ్యవర్గమే. ఏ చెక్కలో సత్తువ ఎంతయున్నదో నాలుకపై వేసికొని నిర్ణయించిన వారి పరీక్ష, రసాయనశాలలో కొలతగొట్టములు లేని రోజులలో, చాలవరకు నమ్మదగిన పరీక్షయే.

ఈ విద్యకు వ్రాతలో మిగిలిన సాక్ష్యములలో ప్రధానమైనది ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుని బృహత్సంహిత. అందు వజ్రలేపమను పేర ఒక అధ్యాయమే కలదు. పచ్చి తుమికికాయ, పచ్చి వెలగకాయ, బూరుగపువ్వు, అందుగుగింజ, వస మున్నగువానిని ఒక ద్రోణము నీటిలో వేసి, ఎనిమిదవ వంతు మిగులునట్లు కాచి, ఆ కషాయమున గుగ్గులు, సర్జరసము, నల్లజీడి, అవిసె, మారేడు మొదలగువానిని నూరి కలిపి, వేడిగనున్నప్పుడే పూయవలెనని ఆయన విధించెను. ప్రాసాదములకు, ప్రతిమలకు, గోడలకు, బావులకు సయితము ఈ లేపము తగినదనియు, అది కోటి సంవత్సరములు నిలుచుననియు ఆయన చెప్పెను. కోటి యేండ్ల మాట ప్రశంసావాక్యము; దానిని అట్లే విడిచి యోగము కూర్పును మాత్రము చూచినచో, అందులోని వివేకము విస్పష్టముగ కనబడును. పచ్చికాయల వగరు సూక్ష్మజీవులకు ప్రతికూలము. గుగ్గులు, సర్జరసములు నీటిని లోనికి పోనీయని జిగురులు. అవిసెనూనె గాలి సోకి గట్టిపడి పొరగట్టు గుణము గలది. ఒకటి తినువానిని వారించును, ఒకటి తేమను వారించును, ఒకటి రెంటిని కలిపి పట్టియుంచును.

ఆ గ్రంథముననే బావినీటిని బాగుచేయు యోగము మరియొకటి కలదు. కాటుకరాయి, తుంగముస్తలు, వట్టివేరు, ఒక జాతి బీర, ఉసిరికచూర్ణము, చిల్లగింజ కలిపి బావిలో వేసినచో, మురికిగను చేదుగను ఉప్పగను దుర్గంధముతోను ఉన్న నీరు తేటయై తియ్యనై సువాసన గలదగునట. చిల్లగింజను కడవ లోపలి అంచున అరగదీసి నీటిని తేర్చు అలవాటు మన పల్లెలలో నిన్నమొన్నటి వరకును ఉండెను. ఆ గింజలోని జిగురు నీటనున్న మట్టిరేణువులను, వాటితో కలిసి తేలుచున్న జీవులను, ముద్దలుగ కూడగట్టి అడుగునకు దింపును. సూక్ష్మజీవి నిలుచుటకు చోటును తినుటకు తిండియును లేకుండ చేయుట ఈ విద్య మూలసూత్రమనదగినచో, బావి యోగమును లేపయోగమును ఒకే సూత్రమునకు రెండు ప్రయోగములు.

వరాహమిహిరుడు పేర్కొన్న తుమికి మన తీరపు చరిత్రలో మరల తారసపడును. తూర్పు ఇండియా కంపెనీ కొలువున వైద్యుడుగ వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి 1793 వరకు సామర్లకోటయందుండి, అచ్చట ఒక తోటవేసి, చుట్టుపట్ల మొక్కలను తెలుగు పేరులతో సహా వర్ణించి, చిత్రములు వ్రాయించెను. ఆ కృషి నుండియే కోరమండలతీరపు మొక్కలను గూర్చిన ఆయన ప్రసిద్ధగ్రంథము 1795 మొదలుకొని సంపుటములుగ వెలువడెను. అందు తుమికికి చోటు లభించెను. బీడీ ఆకునిచ్చు తునికికి ఇది దాయాది. నీటిపట్టులను కోరు చెట్టు. దాని పచ్చికాయను చిదిపిన బంకవంటి రసము స్రవించును. ఆ రసమును వంగదేశపు పడవలవారు అడుగునకు పూయుదురనియు, కాయల కషాయమున వలలను నానవేసినచో అవి హెచ్చుకాలము మన్నుననియు రాక్స్‌బర్గ్ తన రచనలలో నమోదు చేసెను. సామర్లకోటకు కొలది క్రోసుల దూరముననే కోరంగి రేవు, తాళ్లరేవు ఓడల పట్టు, గోదావరి పాయల నడుమ పెరిగిన మడ అడవులు ఉండెను. ఓడలు కట్టువారును, వలలు వేయువారును, చెట్ల గుణములు వ్రాయువాడును ఒకే కాలమున ఒకే సీమయందు కూడుట ఈ చరిత్రలో గుర్తింపదగిన విశేషము.

వలకు చెక్క పట్టించు పని మన తీరమున ఇంచుమించు ప్రతి పల్లెయందును ఇంటిపనిగ సాగెను. దగ్గర దొరకు చెట్టును బట్టి పదార్థము మారుచుండెను: మడ అడవుల చెంత మడజాతుల పట్ట, మెరకసీమల తుమ్మ లేక తంగేడు, మరియొకచోట చింతగింజ తొక్క. విధానము మాత్రము అంతట ఒక్కటే. చెక్కను ఎండబెట్టి, రోకళ్లతో నలుగగొట్టి, పెద్ద కాగులో నీరు పోసి నానవేసి, గంటల తరబడి కాచెడివారు. నీరు మొదట లేత పసుపుగను, పిదప ఇటుకరంగుగను, తుదకు ముదురు గోధుమరంగుగను మారును. వడగట్టిన కషాయము కొంత చల్లారిన తరువాత వలను మడతలు మడతలుగ అందు దింపి, దారము దారమునకును రసము అందునట్లు చేతులతో అదిమి, రాత్రియెల్ల నానవిడిచి, తెల్లవారిన పిదప ఇసుకపై పరచి ఆరవేసెడివారు. కొత్తవలకు ఒక్క ముంపు చాలదు. ముంచి ఆర్చి, ఆర్చి ముంచి, తెల్లని నూలు ఎఱ్ఱగ తిరిగిన పిమ్మటనే దానిని నీటికి తీసికొనిపోయెడివారు. వాడుచున్నకొలది ఉప్పునీరు ఆ రసమును కొంచెము కొంచెముగ కడిగివేయుచుండును గనుక, రంగు వెలిసినది చూచి మరల కాగు పొయ్యికెక్కించవలసియుండెను. వేటలేని దినములలో పల్లెకారుల వాకిళ్ల ముందర జరుగు పనులలో ఇది ముఖ్యమైనది. ఇందు స్త్రీల చేయియు, ముసలివారి చూపును, పిల్లల పరుగును కలిసియుండెను.

ఈ పనిలోని రసాయనరహస్యమును నేడు తేటగ చెప్పవచ్చును. నూలునందలి సెల్యులోజును సూక్ష్మజీవి నేరుగ మ్రింగజాలదు. ముందు తన దేహము నుండి ఎంజైములను వెలుపలికి విడిచి, సెల్యులోజును చక్కెరగ విరిచి, ఆపైన తినును. ఆ ఎంజైములు ప్రోటీనులు. టానిన్ ప్రోటీనును గట్టిగ పట్టి ముడివేయు స్వభావము గలది. పచ్చితోలును చెడని తోలుగ మార్చు లందలోని పనియును ఇదియే. కావున టానిన్ పట్టిన దారముపై సూక్ష్మజీవి విడిచిన ఎంజైము పనిచేయకముందే బంధింపబడును. అదియు గాక, సూక్ష్మజీవుల పెరుగుదలకు అత్యవసరమైన ఇనుమును టానిన్ తానే పట్టుకొని వాటికి అందనీయదు. ఇది విషముపెట్టి చంపుట గాదు, ఆకలికి గురిచేసి నిలువరించుట. దీనికి తోడు ఎండలో ఆరవేయుట ఆచారమున భాగముగనే చేర్చిరి. తేమ లేనిచో ఏ జీవియు నూలును తినజాలదు గదా.

ఇట్టి కాపు మనకొక్కరికే సొంతము కాదు. బ్రిటిషు దీవుల జాలరులు ఓక్‌చెట్టు పట్టతో తమ వలలను కాచుకొనెడివారు. హంఫ్రీ డేవీ అను రసాయనశాస్త్రజ్ఞుడు వగరుగల వృక్షద్రవ్యములపై పరీక్షలు జరిపి, 1803లో ఆ ఫలితములను ప్రకటించుచు, బొంబాయి, వంగదేశముల నుండి వచ్చిన కాచులో టానిన్ మిక్కిలి మెండుగనున్నదని నిరూపించెను. చండ్రచెట్టు కాండపు చేవను చిన్నముక్కలుగ కొట్టి, నీటిలో కాచి, చిక్కబరచి, ఆరబెట్టినదే కాచు. మన ఇండ్లలో తమలపాకుపై పూయు ఆ వస్తువే పందొమ్మిదవ శతాబ్దమున భారతదేశము నుండియు బర్మా నుండియు ఓడలనెక్కి, స్కాట్లండు హెఱ్ఱింగు చేపల వలలకు గోధుమరంగు కాపుగ మారెను. డచ్చివారు ఒక అడుగు ముందుకు వేసి, కాచు పట్టించిన వలను అమోనియా కలిపిన మైలతుత్తపు నీటిలో ముంచి, టానిన్ నీటికి కరగిపోకుండ రాగితో బిగించు పద్ధతిని కనిపెట్టిరి. మన పల్లెలలో మరల మరల చేయు పనిని వారు ఒక్కసారి చేసి హెచ్చుకాలము నిలుపజూచిరి.

ఆ డేవీయే ఓడల చరిత్రలో మరియొక గుణపాఠమునకు కర్త అయ్యెను. కొయ్యను తొలుచు పురుగుల బాధ మాన్పుటకై బ్రిటిషు నౌకాదళము 1761లో అలారం అను ఓడ అడుగునకు రాగిరేకు తాపించి పరీక్షింపగ, పురుగు, పాచి రెండును తగ్గెను గాని, రాగికి తగిలిన ఇనుపమేకులు కరగిపోయెను. రాగిరేకు సయితము సముద్రమున అరిగిపోవుచుండుటచే, దానిని కాపాడు ఉపాయమును 1824లో డేవీ సూచించెను: రాగికి చిన్న ఇనుపముక్కనో తుత్తునాగపు ముక్కనో తగిలించినచో ఆ ముక్క తాను అరిగి రాగిని నిలుపును. కొచ్చిలో టేకుతో కట్టి 1822లో నీటికి దింపిన సమరాంగ్ అను ఓడ ఈ పరీక్షకు లోనైన వానిలో ఒకటి. ఉపాయము ఫలించినది, రాగి అరుగలేదు. కాని అరుగని రాగిపై పాచియు గుల్లలును దట్టముగ పెరిగినవి. రాగి కొంచెము కొంచెముగ కరగి నీటిలో కలియుటయే జీవులను దూరముగ నుంచిన కారణమని అప్పుడు తెలియవచ్చెను. తాను అరుగుచునే కాపాడు వస్తువును అరుగకుండ చేసినచో కాపే పోవునను ఈ సత్యము, రంగు వెలిసినకొలది వలకు మరల చెక్క పట్టించిన పల్లెకారులకు అనుభవమున పాతదే.

ఇక ఇనుము మాట. సముద్రయానపు ఓడలలో పలకలను ఇనుముతో బంధింపరాదనియు, సముద్రములోని అయస్కాంతశిలలు ఆ ఓడను ఆకర్షించుననియు, భోజరాజు పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు చెప్పుచున్నది. కారణము కల్పితమైనను, ఫలితము మేలే. నారత్రాటితో కుట్టిన ఓడకు త్రుప్పు బాధ లేదు. కాకతీయుల కాలమున మోటుపల్లిని గూర్చి వ్రాసిన మార్కోపోలో హోర్ముజు రేవున ఇనుపమేకులు లేని కుట్టు ఓడలను చూచి, కొబ్బరినార త్రాటిని ఉప్పునీరు చెరచదనియు, అడుగునకు కీలు గాక చేపనూనె పూయుదురనియు వ్రాసెను. మన తీరమున అలల దెబ్బకు విరిగిపోక వంగి నిలుచు మసూలా పడవలును నారతో కుట్టినవే. కొబ్బరిపీచు నీటిలో సులువుగ చివుకదు. దాని గట్టిదనమునకు మూలమైన లిగ్నిన్ సయితము సూక్ష్మజీవులకు సులువుగ కొరుకుడుపడని పదార్థమే.

ఇనుమునకును వగరునకును గల చుట్టరికము మచిలీపట్టణము, శ్రీకాళహస్తి కలంకారీవారికి తెలిసినంతగ మరెవ్వరికి తెలియును? పాత ఇనుపముక్కలను బెల్లపు నీటిలో వారముల తరబడి ఊరవేసి, కసిమి అను ద్రవమును వారు తీయుదురు. ఆ ద్రవము నల్లనిది గాదు. కరక్కాయయు పాలును పట్టించి ఆర్చిన గుడ్డపై కలము మోపినంతనే, గీత కన్నులయెదుట నల్లబడిపోవును. కరక్కాయ టానిన్ ఇనుముతో కలిసి నల్లని లవణమైనదన్నమాట. అదే కలయిక త్రుప్పు పట్టిన ఇనుముపై జరిగినచో, వదులుగ రాలు ఎఱ్ఱత్రుప్పులో కొంత బిగువైన నీలినలుపు పొరగ మారును. పురావస్తుశాలలలో త్రవ్వకములందు దొరకిన ఇనుపవస్తువులకు టానిక్ ఆమ్లము పూయుటకును, ఆవిరియంత్రముల బాయిలర్లలో వృక్షటానిన్లను వేసి గారయు త్రుప్పును తగ్గించుటకును ఆధారమైనది ఈ గుణమే. అయితే ఇదే నలుపు కాలక్రమమున గుడ్డను బలహీనపరచుననియు, పాత అద్దకములలో నల్లగీతలున్న తావులే ముందుగ చిరుగుననియు మరువరాదు. ఒక వస్తువునకు రక్షయైనది మరియొకదానికి హాని కావచ్చును.

సూక్ష్మజీవులు ఇనుమును తినుననెడి ఎరుక మాత్రము చాల ఆలస్యముగ వచ్చెను. 1895లో బైయరింక్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు, గాలి లేనిచోట సల్ఫేటును క్షయపరచి, క్రుళ్లిన గ్రుడ్డు వాసనగల వాయువును పుట్టించు సూక్ష్మజీవులను కనుగొనెను. 1934లో వాన్ వోల్జోగన్ క్యూర్, వాన్ డర్ వ్లుగ్ట్ అను ఇరువురు, హాలండు తడినేలలలో పూడ్చిన పోత ఇనుప గొట్టములు గుల్లబారుటకు ఆ జీవులే కారణమని వివరించిరి. పైన జిగటపొర గాలిని అడ్డుకొనుచుండగ, దాని నీడన గాలి సోకని చోట ఈ జీవులు ఇనుమును నల్లని సల్ఫైడుగ మార్చుచుండును. కనుక త్రుప్పును వారింపదలచినవాడు ముందు జిగటను వారింపవలెను; వలవానికిని గొట్టపువానికిని వైరి ఒక్కడేయని ఇచ్చట తేలినది.

స్వాతంత్ర్యానంతరము మనదేశమున ఈ విషయములపై పరిశోధన నెలకొనెను. 1953లో కారైకుడియందు ప్రారంభమైన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాసంస్థ త్రుప్పుపైనను, 1957లో కొచ్చిలో వెలసిన మత్స్య సాంకేతిక పరిశోధనాసంస్థ వలల, పడవల రక్షణపైనను పనిచేసినవి. జాలరులు వాడు చెక్కలను పరీక్షించి, చింతగింజ తొక్క వంటి చవుకద్రవ్యములను మైలతుత్తముతో బిగించు పద్ధతులను కొచ్చి సంస్థవారు రూపొందించిరి. కాని ఆ ఫలితములు పల్లెలకు చేరులోపలనే నైలాను వల వచ్చెను. నైలాను చివుకదు, దానికి కాగు వలదు, చెక్క వలదు, ఆరవేయు శ్రమ వలదు. ఇంటింట పొయ్యి చల్లారుట పల్లెకారుల రెక్కలకు నిక్కముగ విశ్రాంతినిచ్చెను. దానిని తప్పుపట్టుటకు ఎవరికిని హక్కు లేదు. అయితే ఆ శ్రమతోపాటు, ఏ చెట్టు ఏ ఋతువున హెచ్చు వగరుగనుండునో, ఎంత చెక్కకు ఎంత నీరో, ఎన్ని ముంపులకు ఎన్నాళ్ల కాపో ఎఱిగిన జ్ఞానమును తరముతో పాటు జారిపోయెను.

ఓడల అడుగునకు రాగికి మించిన విషములను వెదకిన లోకము, తుదకు ట్రైబ్యూటైల్ టిన్ అను ఘోరద్రవ్యముతో రంగులు చేసి, పాచిని గెలిచితినని సంతసించెను. ఆ విషము రేవుల నీటిలో కలిసి ఆల్చిప్పల జాతులను వికృతపరచెను. ఫ్రాన్సుదేశపు అర్కషాన్ అఖాతమున చిప్పల సాగే చితికిపోయెను. 2001లో అంతర్జాతీయ ఒప్పందము కుదిరి, 2008లో అది అమలునకు వచ్చి, ఆ రంగులు నిషిద్ధములైనవి. నాటినుండి శాస్త్రజ్ఞుల దృష్టి మరల చెట్టువైపునకు తిరిగినది. వేప, కరక్కాయ, తుమ్మ, మడజాతులు, సముద్రపు నాచులు, వీని సారములు సూక్ష్మజీవులను చంపకయే వాటి పరస్పర సంకేతములను చెదరగొట్టి, జిగటపొర కట్టకుండ చేయునా యని అనేక దేశములలో పరీక్షించుచున్నారు.

ఈ తరుణమున మన కర్తవ్యమును గూర్చి ఒక మాట నిష్కర్షగ చెప్పవలసియున్నది. పూర్వులకు సమస్తము తెలియునని చాటుటయు తగదు, వారిది మూఢాచారమని త్రోసివేయుటయు తగదు. పట్టకై చెట్టునంతటిని ఒలిచినచో అది చచ్చును. మడ అడవి ఒకనాటి వ్యాపారమునకు బలియైనచో ఉప్పెనల నాడు పల్లెకు అడ్డుండునది ఏదియు మిగులదు. 1839 నవంబరునాటి ఉప్పెనలో కోరంగి అనుభవించిన వినాశము ఆ తీరమునకు అట్టి రక్షణ ఎంత అవసరమో చూపును. కావున రాలిన ఆకు, వ్యర్థమగు గింజతొక్క, కొయ్యమిల్లులలో పారవేయు పట్ట, వీనితోనే ఈ విద్య పునరుద్ధరింపబడవలెను. ఒక చెట్టు సారము ఋతువును బట్టి, నేలను బట్టి మారును గనుక, ఒక పరీక్షలో ఫలించినదానిని వెంటనే సిద్ధాంతముగ ప్రకటింపరాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి. చెట్టు కాపు మరల మరల పట్టింపవలసిన కాపు. అది కరగుచు పనిచేయును, పనిచేయుచు కరగును. నీటిలో కలిసిన పిదప మట్టిలో మట్టియై పోవును. దానిని విషపు రంగులతో పోల్చి, అయిదేండ్లు నిలువలేదని తీసివేయుట న్యాయము గాదు. కొన్నాళ్లు నిలిచి హాని లేక తొలగిపోవుటయే దాని గుణము. కనుక దానిని వాడదలచిన ఓడయజమాని గాని, నీటిగొట్టముల అధికారి గాని, రసముతోపాటు క్రమము తప్పని సంరక్షణను సయితము స్వీకరింపవలెను. తమ చేతులతో వలకు చెక్క పట్టించిన వృద్ధులు మన తీరపు పల్లెలలో ఇంకను కొందరు జీవించియున్నారు. వారినడిగి చెట్ల పేరులను, పాళ్లను, కాచు కాలమును వ్రాసికొని, కాకినాడ, విశాఖపట్టణముల ఉప్పునీటిలోనే వానిని పరీక్షించి, నిలిచినదానిని నిలిచినట్లు, ఓడినదానిని ఓడినట్లు లెక్కించి ప్రకటించినచో, ఈ చరిత్ర పుస్తకములకే పరిమితము గాక మన రేవులకు అక్కరకు వచ్చును. ఆ పనిని ఈ తరమే చేయవలెను. తరువాతి తరమునకు అడుగుటకు మనుష్యులుండరు.